అనుమానం ఎవరి రోగం? ‘టైమ్ అవుట్ ఆఫ్ జాయింట్’ పాఠకులతో ఒక పేచీ

ఫిలిప్ కె. డిక్ రాసిన ‘టైమ్ అవుట్ ఆఫ్ జాయింట్’ నవల 1959లో అమెరికాలో అచ్చయింది. లిపిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థ దాన్ని సైన్స్ ఫిక్షన్ అని చెప్పుకోకుండా, ఏదో కీడు పొంచి ఉన్న నవల అనే అర్థం వచ్చే ముద్రతో అమ్మింది. ఇన్నేళ్లయినా పాఠకులు దాని గురించి మాట్లాడుకోవటం మానలేదు. ఆ అభిప్రాయాలన్నీ పోగేసి చూస్తే మూడు మాటలు మళ్లీ మళ్లీ వినపడతాయి. మొదటి సగం గొప్పగా ఉంది గానీ చివర్లో రచయిత తొందరపడి చెడగొట్టాడన్నది ఒక మాట. 1998లో వచ్చిన ‘ది ట్రూమన్ షో’ సినిమాకి ఇది తాతలాంటిదన్నది ఇంకొకటి. చదివి పుస్తకం మూశాక మన చుట్టూ ఉన్న లోకం నిజమేనా అని అనుమానం వేస్తుందన్నది మూడోది. ఈ మూడో మాటని పాఠకులు మెచ్చుకోలుగా అంటారు.

నా పేచీ దానితోనే. ‘మన’ చుట్టూ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారు? పుట్టిన రోజు నుంచీ లోకాన్ని నమ్ముకుని బతికినవాళ్లకి ఒకరోజు నమ్మకం సడలటం వింతగా ఉంటుంది, అందులో కొంత మజా కూడా ఉంటుంది. ఆ నమ్మకం మొదట్నుంచీ లేనివాళ్లు ఈ నవలని ఎలా చదువుతారు? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివినప్పుడు తట్టలేదు. అరసవల్లిలో మా చిన్నాన్నకి ఈ కథ చెప్పినప్పుడు తట్టింది.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ముగింపు కూడా చెప్పక తప్పదు, నా వాదన దాని మీదే ఉంది కాబట్టి. రేగిల్ గమ్ అనే నడివయసు మనిషి ఒక చిన్న అమెరికన్ ఊళ్లో సోదరి మార్గో ఇంట్లో ఉంటాడు. బావ విక్ ఒక సూపర్‌మార్కెట్‌లో కూరగాయల విభాగం చూసుకుంటాడు. రేగిల్‌కి ఉద్యోగం లేదు. రోజూ పేపర్లో వచ్చే ఒక పోటీ - పచ్చ మనిషి ఈసారి ఎక్కడ కనిపిస్తాడో చెప్పాలి - పూర్తిచేసి పంపుతాడు. ఎప్పుడూ అతనే గెలుస్తాడు, ఆ డబ్బుతోనే బతుకుతాడు. ఒకరోజు పార్కులో కూల్‌డ్రింకుల బడ్డీ దగ్గరికి వెళ్తే, ఆ బడ్డీ కళ్లముందే కరిగి మాయమైపోతుంది. అది ఉన్న చోట ఒక కాగితం చీటీ మిగులుతుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘కూల్‌డ్రింకుల బడ్డీ’ అని రాసి ఉంటుంది. అలాంటి చీటీలు అతని దగ్గర అప్పటికే కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటిగా మరిన్ని గుట్లు బయటపడతాయి. ఆ ఊరు అతని కోసం కట్టిన ఊరు. అది 1959 కాదు, 1998. భూమికీ, చంద్రుడి మీద స్థిరపడిన మనుషులకీ యుద్ధం జరుగుతోంది. చంద్రుడి మీది నుంచి వచ్చే క్షిపణి ఎక్కడ పడుతుందో పసిగట్టే శక్తి రేగిల్‌కి ఉంది. ఆ పని మీద మనసు విరిగి, అవతలి పక్షం వైపు మొగ్గి, ఆ ఘర్షణలో మతి చెదిరి, తన చిన్ననాటి లోకంలోకి జారిపోయాడు. ప్రభుత్వం ఆ చిన్ననాటి లోకాన్నే ఊరుగా కట్టి, అతన్ని అందులో పెట్టి, పేపరు పోటీ పేరుతో అదే పని చేయించుకుంటోంది.

అరసవల్లి అంటే సూర్యదేవుడి గుడి అని అందరికీ తెలుసు. మార్చిలో, అక్టోబరులో తెల్లవారగట్ల సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మా నాయనమ్మ ఆ రోజుల్లో గుడి దారిలో పూలమ్మేది. బేరాలు తెగే వేళా కిరణాలు పడే వేళా ఒకటే కావటంతో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. బయటికొచ్చేవాళ్లని “పడిందా బావూ?” అని అడిగేది. మబ్బు పట్టిన రోజున కూడా కొందరు పడిందనేవారు, కొందరు లేదనేవారు. ఎవరు ఏ వరసలో నిలబడ్డారో కనుక్కుని ఎవరి మాట నమ్మాలో తేల్చుకునేది. పాఠకుల అభిప్రాయాలు చదివేటప్పుడు నేనూ అదే పని చేస్తాను. నిలబడ్డ చోటు తెలియకుండా అభిప్రాయానికి విలువ కట్టలేం.

మా చిన్నాన్న ఐదో తరగతితో చదువు ఆపేసి ఒక బుగత దగ్గర కంబారిగా పనిచేసినవాడు. నేను కథ చెప్తుంటే బడ్డీ మాయమైన దగ్గర ఆయనకి ఏ వింతా కనపడలేదు. “చీటీ మిగిలిందా? అయితే మన పట్టానేరా అది” అన్నాడు. మా తాత పేరు మీద ఎప్పుడో ఇచ్చిన బంజరు పట్టా ఒకటి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. అందులో సర్వే నంబరుంది, విస్తీర్ణముంది, హద్దులున్నాయి. భూమి మీద మాత్రం మొదట్నుంచీ వేరేవాళ్ల నాగలి. డిక్ నవల్లో వస్తువు పోయి పేరు మిగిలితే పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. దీన్ని తత్త్వశాస్త్ర సమస్యగా రాసిన వ్యాసాలు నేను చదివాను. అవి తప్పని అనను. కానీ పేరు చేతికిచ్చి వస్తువు దాచుకోవటం అనేది మా పేటల్లో రెవెన్యూ సమస్య.

ఇంకో సన్నివేశం ఉంది. నా లెక్కన నవలంతటికీ అదే గొప్పది. విక్ స్నానాల గదిలోకి వెళ్లి చీకట్లో దీపం తాడు కోసం చెయ్యి చాపి తడుముకుంటాడు. తాడు ఉండదు. ఎప్పుడూ లేదు, ఆ ఇంట్లో ఉన్నది గోడ మీద స్విచ్చి. మరి చేతికి తాడు సంగతి ఎలా తెలుసు? బుర్రలోంచి చెరిపేసిన లోకం చేతిలో మిగిలిపోయింది. ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. కొన్నేళ్ల కిందట చిన్నాన్నా నేనూ ఒక టీ కొట్టుకి వెళ్లాం. ఒకప్పుడు ఆ కొట్టు తాటాకు పాక. మావాళ్ల గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి, తాగి కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఇప్పుడది స్లాబు కట్టడం, అందరికీ కాగితం కప్పులు. టీ చెప్పాక చిన్నాన్న చెయ్యి దానంతటదే పైకి లేచింది, చూరు ఉండాల్సిన చోటుకి. అక్కడేమీ లేకపోవటంతో తల గోక్కున్నట్టు నటించి దించేశాడు. “అవన్నీ ఎప్పుడో పోయాయండీ” అని చదువుకున్నవాళ్లు నాతో అంటుంటారు. పోయాయి, నిజమే. ఆ చెయ్యి మాత్రం ఎందుకు లేచినట్టు? దాన్ని అనుమాన రోగం అందామా?

ముగింపు బాగాలేదన్న మాట దగ్గరికి వస్తాను. యుద్ధం, చంద్రుడు, క్షిపణులు - ఇదంతా చివరి పేజీల్లో హడావుడిగా వచ్చి పడుతుందనీ, అప్పటిదాకా నడిచిన గుబులుని పాడుచేస్తుందనీ ఫిర్యాదు. పని తొందరగా జరిగిన మాట నిజమే, డిక్ నవలల్లో అది కొత్త కాదు. కానీ ఆ చివర తీసేస్తే మిగిలేది గుబులు మాత్రమే. చివర్లో తెలిసేదేమిటి? రేగిల్ ఆట అనుకున్నది పని. పనికిరాని సోమరినని లోలోపల కుంగిపోయే మనిషి చేత ఊరంతా బతికే పని చేయిస్తున్నారు. అతనికి ఆ పని పేరు చెప్పలేదు, విలువ చెప్పలేదు, ఎవరి కోసమో చెప్పలేదు. నేనీ భాగం చెప్తున్నప్పుడు చిన్నాన్న మధ్యలో ఆపాడు.

“అంటే ఆడికి తెలీకండా ఆడిసేత పని సేయించుకోడానికి ఊరు కట్టినారన్నమాట.”

“అవును.”

“మరి మన పేట ఎందుకు కట్టినారనుకున్నావు? ఇదేటి కొత్త కథ?”

నేను చదివిన పాఠకుల అభిప్రాయాల్లో రేగిల్ గమ్‌ని కూలివాడిగా చూసింది దాదాపు లేదు. అతన్ని ఏకాకి అన్నారు, ప్రతిభావంతుడు అన్నారు, రచయితకే ప్రతిరూపం అన్నారు. లోకమంతా తన చుట్టూ తిరుగుతోందనుకోవటం పిచ్చివాడి లక్షణమనీ, ఇక్కడ ఆ పిచ్చే నిజమైందనీ, అదే నవల్లోని చమత్కారమనీ అన్నారు. చమత్కారం ఉంది, ఒప్పుకుంటాను. కానీ లోకం అతని చుట్టూ తిరగటం అతని గొప్పతనం వల్ల కాదు, అతని చాకిరీ అవసరం వల్ల. ఊరికి దూరంగా, గాలివాటం చూసుకుని, పొలాలకి అందుబాటులో పేటని పెట్టినవాళ్లు కూడా ఒక లెక్క ప్రకారమే పెట్టారు. ఆ లెక్క ఉందని చెప్పినవాడు మన దగ్గర మతి చెడినవాడిగా ముద్రపడటం కొత్త కాదు. అంబేద్కర్ 1936లో కులం అంటే పని విభజన కాదు, పనివాళ్ల విభజన అని వాదించాల్సి వచ్చిందంటే, కులాన్ని సహజమైన ఏర్పాటుగా నమ్మించినవాళ్లు ఎంత గట్టిగా గోడలు కట్టుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక తేడా కూడా చెప్పాలి, లేకపోతే పోలిక వదులైపోతుంది. రేగిల్‌ని ఊరి మధ్యలో, మంచి ఇంట్లో, పచ్చిక పక్కన పెట్టారు. అతన్ని సంతోషపెట్టి పని తీసుకున్నారు. మమ్మల్ని సంతోషపెట్టాలన్న ఖర్చు ఎవరూ పెట్టుకోలేదు.

అసలా 1959 నాటి అమెరికన్ ఊరు ఏమిటి? ఫ్రెడరిక్ జేమ్సన్ పోస్ట్‌మోడర్నిజం మీద 1991లో తెచ్చిన పుస్తకంలో ఈ నవల గురించి రాశాడు. తాను బతుకుతున్న కాలాన్నే గతంగా మార్చి చూపటం డిక్ చేసిన పని అనీ, యాభైల అమెరికా తన గురించి తాను ఊహించుకున్న బొమ్మే ఈ ఊరనీ ఆయన పరిశీలన. మంచి పరిశీలన. నాకు కావలసిన ప్రశ్న దానికి పక్కన ఉంది. ఆ బొమ్మలోంచి ఎవరిని తీసేశారు? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ కట్టినప్పుడు ఒప్పందం కాగితాల్లోనే తెల్లజాతివాళ్లకి తప్ప ఇల్లు లేదని రాశారు. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌కి విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో సహా వచ్చి చేరితే, తెల్లవాళ్లు గుంపులు కట్టి ఇంటి ముందు రోజుల తరబడి గొడవ చేశారు, రాళ్లేశారు. డిక్ నవల వచ్చింది దానికి రెండేళ్ల తర్వాత. అంటే పాఠకులు ‘ఎంత నిజంలా ఉంది, తీరా చూస్తే కట్టుకథ’ అని ఆశ్చర్యపోయే ఆ ప్రశాంతమైన ఊరు, నవల బయట కూడా కట్టుకథే. దాన్ని కాపాడటానికి కాగితాలూ, రాళ్లూ కావలసి వచ్చాయి. మైయర్స్ కుటుంబానికి తమ ఊరు నిజమేనా అనే తాత్త్విక సందేహం వచ్చి ఉంటుందనుకోను. గోడ ఎక్కడుందో వాళ్లకి మొదటి రోజే తెలిసింది. డిక్ ఈ సంగతి పట్టించుకోలేదు. కథ నడిపే ముఖ్యపాత్రలు తెల్లవాళ్లే. ఈ లోపం చెప్పకుండా నవలని ఎత్తుకోవటం నాకిష్టం లేదు.

నిజం అనేది జారిపోతుంటుందని చెప్పటానికి మనకి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. మరి ఎనిమిది మంది ఏమైనట్టు? బడ్డీ పోయి చీటీ మిగలటమంటే ఇదే, తీర్పు కాగితం మిగిలింది. మా జిల్లాలో లక్ష్మీపేట. వంగర మండలం, 2022లో జిల్లాలు విడగొట్టాక విజయనగరం జిల్లాలోకి పోయింది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం పరిహారమిచ్చి తీసుకున్న భూమిలో నీళ్లు రాని చోట దళితులు సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న ఐదుగురిని చంపారు. భూమి కాగితాల్లో ప్రభుత్వానిది. పాత యజమానుల మనసులో ఇంకా తమదే. ఈ రెండు లోకాల్లో ఏది అసలైనదో తెలియక కాదు గొడవ. ఆ రోజు కత్తులు పట్టినవాళ్లు ఏ లోకాన్ని అసలైనదిగా నిలబెట్టదల్చుకున్నారన్నది ప్రశ్న.

అనుమానం అన్న మాట నాకు యూనివర్సిటీలో బాగా పరిచయం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది ఒక సెమినార్‌లో నా పేపర్‌కి మాత్రమే ప్రశ్నలు రాలేదు. ఇదే సంగతి ఒక పెద్దాయనతో అంటే “నువ్వు అన్నిట్లో అదే చూస్తావయ్యా” అన్నారు, ప్రేమగానే. నేనప్పుడు నిజంగానే సందేహంలో పడ్డాను. పేపర్ బాగాలేదేమో. కావచ్చు కూడా. ఇదే అసలు బాధ, ఒక్కొక్క ఘటన విడిగా చూస్తే దేనికీ రుజువుండదు. రేగిల్ చీటీల్ని పెట్టెలో దాచుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నట్టు మేమూ లెక్కపెట్టుకుంటాం. లెక్కపెట్టుకోవటాన్నే రోగమంటారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధకుల్లో అతనొకడు. కార్ల్ సేగన్‌లాగా సైన్స్ రచయిత కావాలని కోరుకున్నవాడు. బతికి ఉంటే ఇలాంటి వ్యాసాలు నాకంటే బాగా రాసేవాడేమో. ఎనిమిదేళ్ల తర్వాత 2024 మే నెలలో తెలంగాణ పోలీసులు అతను ఎస్సీయే కాదంటూ కేసు మూసేసే నివేదిక ఇచ్చారు. గొడవ జరిగాక, మళ్లీ దర్యాప్తు చేయిస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. చనిపోయిన మనిషి కులాన్ని కూడా వెనక్కి తీసుకోగలిగిన కాగితం ముందు డిక్ ఊహ చిన్నది.

తెలుగులో భయం గురించిన నవలంటే అందరూ రావిశాస్త్రి ‘అల్పజీవి’ పేరు చెప్తారు. ఆయన శ్రీకాకుళంలో పుట్టినవాడే, విశాఖలో ప్లీడరు. సుబ్బయ్య భయాన్ని ఆయన లోపలినుంచి రాసిన తీరు ఇప్పటికీ ఆశ్చర్యమే. విమర్శకులు చైతన్య స్రవంతి అనీ, మనోవిశ్లేషణ అనీ దానికి పేర్లు పెట్టారు. ఆ పేర్లతో వచ్చిన చిక్కేమిటంటే భయం సుబ్బయ్య స్వభావం అయిపోయింది, భయపెట్టినవాళ్లు వాతావరణం అయిపోయారు. మా పేటలో పుట్టిన సుబ్బయ్యకి భయం స్వభావం కాదు, తండ్రి నేర్పిన జాగ్రత్త. ఏ వీధిలో సైకిలు దిగాలో, ఎవరి ముందు చొక్కా చేతులు దించుకోవాలో నేర్పటం లాంటిది. ‘అల్పజీవి’ని ఈ వైపు నుంచి ఎవరైనా మళ్లీ చదవాలి. నేను చదివితే ఈ వ్యాసం అంతకి రెండింతలవుతుంది.

డిక్ నవల్లో ఆడవాళ్ల సంగతి కూడా అంతే, ముక్తసరిగా ముగిస్తాను. మార్గో తెలివైనది, ఊరి గుట్టు కొంత ఆమెకీ అందుతుంది. అయినా కథ ఆమెని వంటింటి దగ్గర వదిలేస్తుంది. పక్కింటి జూనీ రేగిల్ సరదాకి తప్ప ఉండదు. పాతకాలం నవల కదా అని పాఠకులు సర్దుకుపోతారు. మాకు సర్దుకుపోవటం అలవాటే గానీ అది విమర్శ కాదు.

చివరికి రేగిల్ భూమి పక్షాన్ని వదిలి చంద్రుడి వైపు వెళ్లటానికి నిర్ణయించుకుంటాడు. ఊరు అబద్ధమని తెలిశాక ఊరు వదిలిపోతాడు. ఇక్కడ చిన్నాన్నకి నవల నచ్చలేదు. “ఎల్లిపోడానికి ఆడికి సంద్రుడున్నాడు” అన్నాడు. వేరే ఊరు పోయినా పేట వెంట వస్తుందని తెలిసిన మనిషి మాట అది. నేను రేగిల్ వైపు కొంచెం వాదించాను. తన పని ఎవరి కోసమో తెలుసుకున్నాక ఆ పని ఆపేశాడు కదా, అది చిన్న సంగతి కాదు కదా అన్నాను. “ఆపినాడు, మంచిదే. మిగతావోళ్లకి సెప్పినాడా?” అని అడిగాడు. చెప్పటం గురించి నవల పెద్దగా పట్టించుకోదు.

సైన్స్ ఫిక్షన్ మనది కాదు, మనకి ఆత్మకథలు చాలు అని మా మిత్రుల్లో కొందరంటారు. దీని మీద శామ్యూల్ డెలానీ అనుభవం చెప్పాలి. ఆయన నల్లజాతి రచయిత. 1967లో తన ‘నోవా’ నవలని ఒక పేరున్న సైన్స్ ఫిక్షన్ పత్రికకి పంపితే, సంపాదకుడు జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ నవల బాగానే ఉందిగానీ నల్లజాతి కథానాయకుణ్ణి తన పాఠకులు అందుకోలేరని తిప్పి పంపాడు. సైన్స్ ఫిక్షన్‌లో జాతివివక్ష గురించి 1998లో రాసిన వ్యాసంలో డెలానీ ఈ సంగతి బయటపెట్టాడు. అంటే గ్రహాంతరవాసుల్ని అందుకోగలిగిన పాఠకుడికి నల్లవాడు అందడని సంపాదకుడు ముందే నిర్ణయించాడు. పాఠకుల అభిప్రాయం పేరుతో పాఠకుల్ని అడగకుండానే నడిచే వ్యవహారం ఇది. మా నాయనమ్మ అడిగినట్టు ఎవరూ “పడిందా బావూ” అని అడగలేదు.

మా మిత్రులం నలుగురం శ్రీకాకుళంలో నెలకొకసారి కలిసి ఒక పుస్తకం గురించి చెప్పుకుంటాం. వచ్చే నెల ‘నోవా’. చిన్నాన్న కూడా వస్తానన్నాడు, కథ మాత్రం ముందే చెప్పేయొద్దన్నాడు.